అమ్మ బాతు, నాన్న బాతు

మా ఇంట్లో కంప్యూటర్ ముందు అందరికంటే ఎక్కువ గంటలు కూర్చున్నది నేను కాదు, మా అమ్మ. "లినక్సా? అది ప్రోగ్రామర్లకి గానీ మామూలు మనుషులకి ఎక్కడ ఎక్కుతుంది" అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తుంది. పదో తరగతి దాకా చదువుకుంది. 2006 నుంచి ఇప్పటిదాకా ఆవిడ వాడింది విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపించే ఈ లినక్సే, విండోస్ మీద చెయ్యి పెట్టలేదు. పెట్టనని ఒట్టేమీ పెట్టుకోలేదు, ఇంట్లో అది లేదు, అంతే. ఎందుకు లేదంటే, ఒక ఆదివారం మధ్యాహ్నం నేను దాన్ని తుడిచిపెట్టేశాను కాబట్టి.

అప్పుడు మేం గుంటూరు బ్రాడీపేటలో ఉండేవాళ్లం. నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. కంప్యూటర్ 2004లో కొన్నాం. తెలిసిన కుర్రాడు విజయవాడ నుంచి సామాను తెచ్చి, మా హాల్లో చాప పరుచుకుని కూర్చుని బిగించాడు. సెలెరాన్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్ డిస్క్, పదిహేను అంగుళాల బొద్దు మానిటర్. దుమ్ము పడకుండా అమ్మ దానికి పూలగుడ్డతో కవరు కుట్టింది. స్పీకర్లకి కూడా విడిగా రెండు చిన్న గౌన్లు. విండోస్ ఎక్స్‌పీ కూడా ఆ కుర్రాడే వేసిచ్చాడు, మార్కర్ పెన్నుతో పేరు రాసిన సీడీలోంచి. లైసెన్సు అనే మాట ఆ రోజుల్లో మా చుట్టుపక్కల స్కూటర్లకి మాత్రమే వాడేవాళ్లు.

లినక్స్ పిచ్చి నాకు కాలేజీ ల్యాబ్‌లో పట్టింది. అక్కడ రెండు మూడు మెషిన్ల మీద రెడ్ హ్యాట్ 9 అనే లినక్స్ ఉండేది. మిగతావాళ్లు విండోస్ మెషిన్ల కోసం కొట్టుకుంటుంటే ఇవి ఖాళీగా ఉండేవి కాబట్టి నేను వాటి దగ్గర కూర్చునేవాణ్ని. అంతకు మించి గొప్ప కారణం ఏమీ లేదు. తర్వాత ఎవరో చెప్పారు, ఉబుంటు అనే లినక్స్ సీడీలు పోస్టులో ఫ్రీగా పంపిస్తారట అని.

ఇది ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. మార్క్ షటిల్‌వర్త్ అని దక్షిణాఫ్రికా మనిషి, తన ఇంటర్నెట్ కంపెనీ అమ్మేస్తే బోలెడు డబ్బొచ్చింది. అందులో కొంత పెట్టి 2002లో రోదసిలోకి వెళ్లొచ్చాడు. మిగిలిన దాంట్లోంచి కెనానికల్ అనే కంపెనీ పెట్టి, 2004లో ఉబుంటు తెచ్చాడు. ఆ సీడీలు ప్రపంచంలో ఎవరడిగినా ఇంటికి పంపేవాళ్లు. షిపిట్ అని దాని పేరు. సైట్‌లో అడ్రసు రాస్తే చాలు, పోస్టు ఖర్చు కూడా వాళ్లదే. నెట్ సెంటర్‌లో గంటకి పదిహేను రూపాయలిచ్చి కూర్చుని, మా అడ్రసులో "రామాలయం వెనక" అని కూడా రాశాను. ఆ మాట లండన్‌లో ఎవరికి పనికొస్తుందో ఆలోచించలేదు.

కొన్ని వారాలకి వచ్చింది. పోస్ట్‌మ్యాన్ కవరు అటూ ఇటూ తిప్పి చూసి "ఫారిన్ నుంచి అబ్బాయ్, ఏం వచ్చింది?" అని గుమ్మంలోనే నిలబడ్డాడు. విప్పి చూపించాల్సి వచ్చింది. గోధుమరంగు అట్ట జేబుల్లో సీడీలు. మీద "లినక్స్ ఫర్ హ్యూమన్ బీయింగ్స్" అని ఉంది. "ఎంత పెట్టావు?" అన్నాడు. ఫ్రీ అంటే, "ఊరికే ఎవడు ఇస్తాడు, జాగ్రత్త" అని చెప్పి వెళ్లాడు. ఆయన అన్నది తప్పు కాదు. నేను చెల్లించాల్సిన ధర ఆ తర్వాతి ఆదివారం తెలిసింది.

నాన్న ఎల్ఐసీ ఏజెంటు. ఎవరి పాలసీ ఎప్పుడు మొదలైంది, ప్రీమియం ఎంత, గడువు ఏ తేదీ, ఫోన్ నంబరు, అన్నీ ఎక్సెల్‌లో ఎక్కించుకున్నారు. యాభై దాటాక ఒంటి వేలితో నేర్చుకున్న ఎక్సెల్. మూడు వందల నలభై చిల్లర పేర్లు, ఏడాది పట్టింది. ఆ ఫైలు డి డ్రైవ్‌లో ఉండేది. సి డ్రైవ్ పోయినా డి డ్రైవ్‌కి ఏమీ కాదు అని మాకు చెప్పింది కంప్యూటర్ బిగించిన కుర్రాడే. అది మాకు వేదవాక్కు.

ఉబుంటు 6.06 మొదటి సీడీ పెట్టగానే ఏమీ ఎక్కించకుండానే మొత్తం డెస్క్‌టాప్ వచ్చేసింది. అప్పటికి అదే అబ్బురం. పక్కనే ఇన్‌స్టాల్ అని ఒక బొమ్మ. నొక్కాను. ఏ ఊరు అని అడిగింది, ఏ కీబోర్డు అని అడిగింది. చివరికి డిస్క్ సంగతి. అక్కడ సి, డి, ఈ అని లేవు. హెచ్‌డీఏ1, హెచ్‌డీఏ5, హెచ్‌డీఏ6 అని ఏవో. అవేంటో నాకు అర్థం కాలేదు. పైన మాత్రం తేలిక భాషలో, డిస్క్ మొత్తం చెరిపి ఎక్కించనా అని ఉంది. డిస్క్ అంటే సి డ్రైవే కదా అనుకున్నాను. ఎవరి మీదా నెపం పెట్టలేను, మొత్తం అనే మాట కళ్లముందే ఉంది.

ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఆ ఇరవై అయిదు నిమిషాలూ నేను చాలా సంతోషంగా ఉన్నాను.

సాయంత్రం నాన్న వచ్చి ఫైలు తియ్యమన్నారు. ఎంత వెతికినా డి డ్రైవ్ లేదు. పోయిన ఫైళ్లు వెతికిపెట్టే టెస్ట్‌డిస్క్ లాంటి పనిముట్లు అప్పటికే ఉన్నాయని నాకు మూడేళ్ల తర్వాత తెలిసింది. "మొత్తం పోయిందా?" అన్నారు. పోయింది నాన్నా అన్నాను. ఆయన కుర్చీ వేసుకుని, బీరువా పైనుంచి అట్ట కట్టిన పొడుగు పుస్తకం దించారు. పాత లెక్కలన్నీ అందులో చేత్తో రాసినవి. "పోయిన దీపావళికే దీన్ని పాతపేపర్లవాడికి వేసేద్దామంది మీ అమ్మ" అని మాత్రం అన్నారు. ఆ రాత్రి పెరుగన్నం తినకుండా లేచిపోయారు. మా ఇంట్లో నాన్న కోపానికి కొలత అదే.

విండోస్ మళ్లీ వేయించాలంటే ఆ కుర్రాడికి మూడొందలివ్వాలి. అడిగే మొహం నాకు లేదు. కాబట్టి మర్నాటి నుంచి రాత్రి భోజనాలయ్యాక, ఎక్సెల్ పని చేసిపెట్టే ఓపెన్ ఆఫీస్ తెరిచి కూర్చున్నాను. పుస్తకం చూస్తూ కొడితే తప్పులు పోతున్నాయని అమ్మ పక్కన స్టూలు వేసుకుని చదివి పెట్టడం మొదలుపెట్టింది. తొమ్మిదంకెల పాలసీ నంబరు మూడేసి అంకెలుగా విడగొట్టి, ఎక్కాలు ఒప్పచెప్పినట్టు చదివేది. మధ్యలో పేర్ల దగ్గర ఆగేది. "ఈయన పోయాడు కదరా, మొన్న పుష్కరాలకి ముందు." "ఈవిడ కోడలు చీరల వ్యాపారం పెట్టింది." ఆ జాబితా నాకు అంకెలు, అమ్మకి ఊరు.

అలా అమ్మ మొదటిసారి కంప్యూటర్‌కి అంత దగ్గరగా కూర్చుంది. "ఇదేంట్రా, తెర మీద పేడ అలికినట్టుంది?" అంది ఉబుంటు రంగు చూసి. అప్పటి ఉబుంటు అంతా మట్టి రంగే మరి. అందులో ఉదాహరణల ఫోల్డర్ ఒకటి ఉండేది. దాంట్లో ఉబుంటు అనే మాటకి అర్థం నెల్సన్ మండేలా చెప్పే చిన్న వీడియో. అది నాలుగైదుసార్లు చూశాం, ఎందుకంటే మా ఇంట్లో ఆడే వీడియో అదొక్కటే. ఘంటసాల పాటల ఎంపీ3 సీడీ పెడితే ఆడలేదు. ఎంపీ3 మీద అప్పట్లో పేటెంట్లుండేవి, అందుకని ఆ ముక్క సీడీలో పెట్టేవాళ్లు కాదు. కావాలంటే నెట్‌లోంచి మనమే దించుకోవాలి. మాకు నెట్ లేదు. "ఘంటసాల పాడని కంప్యూటర్ ఒక కంప్యూటరా" అన్నారు నాన్న లోపలి గదిలోంచి. మూడు రోజుల తర్వాత ఆయన మాట్లాడిన మొదటి మాట అది. నాకు ప్రాణం లేచొచ్చింది.

నాలుగో రాత్రికి అమ్మ కునికిపాట్లు పడుతోంది. ఏదైనా ఆట ఉంటే మధ్యలో కాసేపు నిద్ర పోగొట్టొచ్చు కదా అనిపించింది. సీడీతో వచ్చిన పేకాట, మైన్స్, మాజాంగ్ చూపించాను. పేకాట అనగానే మొహం చిట్లించింది, ఆవిడ పుట్టింటి చరిత్ర వేరు. మైన్స్ అర్థం కాలేదు. మాజాంగ్ బిళ్లల మీది చైనా అక్షరాలు చూసి "ఇవి నేను గుర్తుపెట్టుకోలేను" అంది. ల్యాబ్‌లో ఒకసారి చూసిన ఫ్రోజెన్ బబుల్ గుర్తొచ్చింది.

అది తేవడం ఒక యాత్ర. నెట్ ఉన్నవాడికి ఒక్క కమాండు. లేనివాడు నెట్ సెంటర్‌కి వెళ్లి, ప్యాకేజీ దించి, 128 ఎంబీ పెన్ డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి రావాలి. వచ్చాక ఇది ఎక్కాలంటే ఫలానా లైబ్రరీ కావాలి అంటుంది. చీటీ రాసుకుని మళ్లీ వెళ్లాలి. దానికి ఇంకో రెండు కావాలి. పెళ్లికి ఒకరిని పిలిస్తే వాళ్ల తోడికోడలు, ఆవిడ చెల్లెలు అందరినీ పిలవాల్సి వచ్చినట్టు. నెట్ సెంటర్ ఆయనకి నా మీద అనుమానం మొదలైంది, పెన్ డ్రైవ్ పెట్టినందుకు విడిగా అయిదు రూపాయలు. నాలుగు ట్రిప్పులకి పని అయింది. ఆరో రాత్రి, అంకెలు సగంలో ఉండగా, ఆట తెరుచుకుంది.

ఫ్రోజెన్ బబుల్ చూడనివాళ్లకి చెబుతాను. పైన రంగురంగుల బుడగలు వేలాడుతుంటాయి. కింద ఒక బాణం, దాని పక్కన చిన్న పెంగ్విన్. కుడి, ఎడమ కీలతో గురి చూడటం, పైకి కీతో వదలడం. ఒకే రంగువి మూడు కలిస్తే రాలిపోతాయి. కొన్ని దెబ్బలకోసారి పైకప్పు ఒక మెట్టు కిందికి దిగుతుంది. ఆలస్యం చేస్తే త్వరగా కానివ్వమని తొందరపెడుతుంది, ఇంకా ఊరుకుంటే తనే వదిలేస్తుంది. ఓడిపోతే బుడగలన్నీ ఒక్కొక్కటే మంచుగడ్డలైపోతాయి, పెంగ్విన్ బోరుమని ఏడుస్తుంది. గెలిస్తే గంతులు వేస్తుంది. మొత్తం వంద మెట్లు. ఫ్రాన్స్‌లో మాండ్రేక్ లినక్స్ తయారుచేసే కంపెనీలో పనిచేసే గియోమ్ కొట్టెన్సో అనే ఆయన, ఇంకొందరు కలిసి 2002లో చేసిన ఆట. రాసింది పెర్ల్‌లో. ఆటలు రాయడానికి ఎవరూ ఎంచుకోని భాష అది, సర్వర్ల దగ్గర చాకిరీకి వాడేది.

అమ్మ కాసేపు నా ఆట చూసింది. "ఈ బాతు ఎందుకేడుస్తోంది?" అంది.

"బాతు కాదమ్మా, పెంగ్విన్."

"ఏదో ఒకటి. జరుగు."

రెండు మెట్లు దాటేసరికి ఆవిడకి ఒక సంగతి తట్టింది. సూటిగా అందని చోటికి పక్కగోడకి కొట్టి పంపొచ్చు. "ఇది మన క్యారమ్స్ రా" అంది. పెళ్లికి ముందు రేపల్లెలో వీధిలో మగపిల్లలని కూడా ఓడించేదని మా మావయ్య చెప్పేవాడు గానీ, మా ఇంట్లో క్యారమ్ బోర్డు లేక నేనెప్పుడూ చూడలేదు. ఆ రాత్రి చూశాను. గోడకి కొట్టి, అటు గోడకి కూడా తగిలించి, రెండు బుడగల సందులోంచి మూడో దాని దగ్గరికి. నేను పన్నెండో మెట్టు దగ్గర ఇరుక్కుంటే ఆవిడ ఆ వారంలోనే ముప్ఫై దాటింది. జాబితా పదకొండు రాత్రుల్లో పూర్తయింది. అమ్మ మాత్రం స్టూలు మీంచి కుర్చీలోకి మారింది. మధ్యాహ్నం గిన్నెలు కడిగి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, పూలగుడ్డ కవరు తీసి మడత పెట్టి, తనే స్విచ్ వేసుకునేది. పాస్‌వర్డ్ నొక్కడం నేర్చుకుంది. ఆపడం నేర్చుకుంది. ఉబుంటు అనే మాట మాత్రం ఆవిడ నోట నేను ఇంతవరకు వినలేదు. ఆవిడకి అది కంప్యూటర్. అంతే.

నాన్న మొదట్లో దీనికి దూరంగా ఉన్నారు. 2007 సంక్రాంతికి మావయ్య వాళ్లొచ్చినప్పుడు ఇద్దరాడే ఆట పెట్టాను. ఒకరికి యారో కీలు, రెండోవాళ్లకి ఎడమవైపు అక్షరాలు. మనం ఎక్కువ బుడగలు రాలిస్తే అవి అవతలివాళ్ల నెత్తిన పడతాయి. అందరూ అమ్మ చేతిలో ఓడిపోయాక నాన్నని బలవంతంగా కూర్చోబెట్టారు. ఆయన ఓడిపోవడం కాదు, విచిత్రంగా ఓడిపోయారు. ఎర్ర బుడగ తీసుకెళ్లి ఆకుపచ్చ గుంపుకి అంటించేవారు. గురి సరిగ్గానే ఉంది, రంగే తప్పు. "ఏమండీ, చూసుకుని వెయ్యండి" అని అమ్మ, "చూసే వేస్తున్నాను, రెండూ ఒకటేగా" అని నాన్న.

"ఏ రెండూ ఒకటే?" అన్నాడు మావయ్య.

నాన్న తెర మీద రెండు బుడగల మీద వేలు పెట్టి చూపించారు. ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. గదిలో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అమ్మ మెల్లగా అంది, "అయితే ఆ టమాటాలు..."

నాన్న మార్కెట్‌కి వెళ్తే పచ్చి టమాటాలు, పండువి కలిపి తెస్తారని పెళ్లైన దగ్గర్నుంచి అమ్మ తిడుతూనే ఉంది. పాతికేళ్ల తిట్లు. ఆయన సమాధానం ఎప్పుడూ ఒకటే, "వాడు ఇచ్చినవి తెచ్చాను." పండగ వెళ్లాక కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, చుక్కల్లో అంకెలు దాచిన పుస్తకం తిరగేయించి, పుట్టుకతో ఉన్నదే, ఎరుపు పచ్చ తేడా సరిగ్గా తెలియదు, మందేమీ లేదు, భయమూ లేదు అన్నాడు. యాభై మూడేళ్ల మనిషి ఆ సంగతి ఒక ఆట వల్ల తెలుసుకున్నాడు. సిగ్నళ్ల దగ్గర ఎలా వెళ్తున్నారు నాన్నా అని అడిగితే, పైది వెలిగితే ఆగుతాను, కిందిది వెలిగితే వెళ్తాను అన్నారు. అందరూ అంతే అనుకున్నారట.

ఇక్కడ నాకు ఎప్పటికీ మరిచిపోలేని విషయం ఒకటుంది. నాన్న మళ్లీ ఆడనన్నారు. నేను ఆ ఆట సహాయం పేజీ, కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో తెరిచి చదువుతుంటే మధ్యలో ఒక లైను కనిపించింది. ఆట పేరు పక్కన కలర్‌బ్లైండ్ అని ఒక మాట చేర్చి నడిపితే, రంగు తేడా తెలియనివాళ్ల కోసం వేరే బుడగలు వస్తాయి. ఒక్కో రంగు బుడగలో ఒక్కో గుర్తు. ఎక్కడో ఫ్రాన్స్‌లో, డబ్బు తీసుకోకుండా ఇచ్చే ఆటలో, మా నాన్న లాంటివాడు ఒకడుంటాడని ఎవరో తలచి ఆ బుడగలు విడిగా గీశారు. లినక్స్ గొప్పదనం మీద నేను తర్వాత చాలా వాదనలు చేశాను, చాలా వాటిలో నాదే తప్పు. ఈ ఒక్క లైను గురించి మాత్రం ఎవరితోనూ వాదించలేదు.

డెస్క్‌టాప్ మీద రెండు ఐకన్లు చేసి పెట్టాను. ఒకదాని కింద "అమ్మ బాతు", రెండోదాని కింద "నాన్న బాతు". తెలుగు అక్షరాలు బాగానే కనిపించాయి, ఒత్తుల దగ్గర కొంచెం ఇరుకు. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు లినక్స్‌ని తెలుగులోకి తెచ్చే పని చేస్తుండేవారు. తర్వాత ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక నేను మెనూలన్నీ తెలుగులోకి మార్చి అమ్మకి చూపించాను. అప్లికేషన్స్ ఉండాల్సిన చోట "అనువర్తనములు" అని ఉంటే చదివి, "ఇది నాకు ఇంగ్లీషులోనే బాగా అర్థమైంది" అంది. మళ్లీ ఇంగ్లీషుకి మార్చేశాను. ఆ అనువాదాలు చేసినవాళ్ల కష్టం నాకు తెలుసు, కానీ అమ్మ మాటా నిజమే.

2008లో ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చాను. ఎస్ఆర్ నగర్‌లో రూము, నలుగురం. ముగ్గురు రాత్రంతా కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ ఆట. నా లినక్స్ మెషిన్‌ని వాళ్లలో కలుపుకోవాలని వైన్ మీద పడ్డాను. విండోస్ ప్రోగ్రాములని లినక్స్ మీద నడిపించే ఆ ప్రాజెక్టు 1993లో మొదలైతే, 1.0 అని అంకె వేసుకోవడానికి 2008 జూన్ దాకా పట్టింది. పదిహేనేళ్లు! నా చేతిలో వైస్ సిటీ అనే ఆట నడిచింది, మనుషుల గొంతులు మాత్రం వినపడేవి కాదు. మూగ సినిమా. ఒకసారి సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొని డ్రైవర్ ఎక్కిస్తే తెర నల్లబడింది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 నొక్కి, ఆ నల్లటి తెర మీద అక్షరాలతోనే, తెర బొమ్మని నడిపే ఎక్స్ సెట్టింగులు మళ్లీ రాయించడం నా వేళ్లకి ఇప్పటికీ గుర్తుంది, మెదడుకి లేదు. శనివారం రాత్రి మొదలుపెడితే ఆదివారం టిఫిన్ వేళకి తెర వచ్చేది. అప్పటికి ఆట ఆడే ఓపిక ఉండేది కాదు.

కంపిజ్ క్యూబ్ మాత్రం నా పరువు నిలబెట్టింది. డెస్క్‌టాప్ మొత్తం ఘనంలా తిరుగుతుంటే, కిటికీలు పట్టుకుని లాగితే జెల్లీలా ఊగుతుంటే రూమ్మేట్లు నోరు తెరుచుకుని చూశారు. "సూపర్ మామా. దీంట్లో కౌంటర్ స్ట్రైక్ వస్తుందా?" అని అడిగారు. ఆ ప్రశ్నతో సంభాషణ ముగిసేది.

ఒక్కడిని మాత్రం బుట్టలో వేశాను, బ్యాటిల్ ఫర్ వెస్నాత్‌తో. 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టిన ఆట, వంతులవారీగా సైన్యాలు నడిపేది, చదరంగానికి పాచికలు కలిపినట్టు. అడవిలో నిలబడ్డ ఎల్ఫ్‌కి దెబ్బ తగిలే అవకాశం నూటికి ముప్ఫయ్యో నలభయ్యో. నాలుగు దెబ్బలూ గాలికి పోయినప్పుడు వాడు అరిచిన అరుపులకి కింద ఇంటి ఓనరు పైకొచ్చాడు. ఒకే కీబోర్డు మీద వంతులు మార్చుకుంటూ ఆడేవాళ్లం. ఒకడు ఆడుతుంటే రెండోవాడు బియ్యం కడిగేవాడు. వాడు ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు, ఎల్ఫుల మీద పగ ఇంకా పోలేదు.

గుంటూరు నుంచి ఫోన్లు ఆగలేదు. 2010లో సెలవులకి వెళ్లినప్పుడు ఎవరికీ చెప్పకుండా ఉబుంటు 10.04కి అప్‌గ్రేడ్ చేసి వచ్చేశాను. మర్నాడు అమ్మ ఫోను. "కిటికీ మూసే గుర్తు కుడిపక్కన ఉండేదిరా, ఎడమకి పోయింది. ఇంట్లోకి ఎవరైనా వచ్చారా?" ఆ వెర్షన్‌లో బటన్లు నిజంగానే ఎడమకి మారాయి. దాని గురించి ప్రపంచమంతా పెద్ద గొడవ. మట్టి రంగు కూడా పోయి ఊదా వచ్చింది. "పేడ రంగు పోయి వంకాయ రంగు వచ్చింది" అంది అమ్మ. తమాషా ఏమిటంటే, ఆ రంగుకి వాళ్లు పెట్టుకున్న పేరు కూడా అచ్చంగా వంకాయే. చెప్పకుండా మార్చడం నా తప్పు. ఆ తర్వాతి ఏడాది ఉబుంటు ముఖమే మారిపోతోందని చూసి, పాత రూపు ఉండే లినక్స్ మింట్ వేసి, రెండు బాతులూ పాత చోటనే పెట్టాను. 2011లోనే షిపిట్ కూడా ఆపేశారు. మా దగ్గర మిగిలిన సీడీ ఒకటి అమ్మ దేవుడి గది పక్కన జామచెట్టుకి కట్టింది, కాకులు రాకుండా. ఎండకి బాగా మెరిసేది.

ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తాను. 2013 ఫిబ్రవరిలో, నెట్‌లో ఆటలు అమ్మే స్టీమ్ అనే దుకాణం లినక్స్‌కి వచ్చింది. 2018 ఆగస్టులో, విండోస్ ఆటలని అందులోంచే లినక్స్ మీద ఆడించే ప్రోటాన్ వచ్చింది. వైన్‌ని, విండోస్ ఆటలు బొమ్మలు గీసే డైరెక్ట్‌ఎక్స్ పద్ధతిని లినక్స్‌లో నడిచే వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకేని కలిపి ఒక బటన్ వెనక దాచేశారు. నేను ఆదివారాలు తగలేసి సాధించనిది ఇప్పుడు ప్లే అని నొక్కితే అవుతుంది. స్టీమ్ కోడ్ అందరికీ తెరిచిపెట్టిన ఓపెన్ సోర్స్ కాదు కదా అని నన్ను దెప్పేవాళ్లున్నారు, ఒప్పుకుంటాను. అయినా ప్రోటాన్ కోడ్ బయటే ఉంది, నాకు అంత చాలు. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే ఆటల యంత్రం ఒకటి మా బామ్మర్ది అమెరికా నుంచి వస్తూ తెచ్చాడు. లోపల ఆర్చ్ లినక్స్ మీద కట్టిన సిస్టం, కేడీఈ అనే డెస్క్‌టాప్. చేతిలో పట్టుకుని మంచం మీద పడుకుని ఆడుకోవచ్చు. మా మేనల్లుడు దాన్ని రెండు రోజులు తిప్పి చూసి, వాడు ఆడే షూటింగ్ ఆట అందులో రాదని తెలిసి పక్కన పెట్టేశాడు. మోసాలు పట్టే సాఫ్ట్‌వేర్ విండోస్ గుండెకాయలాంటి కెర్నల్ లోపల కూర్చుంటుంది, అది లేనిదే ఆట తెరుచుకోదు. "మావయ్యా, సూపర్‌గా ఉంది గానీ మా ఆట రాదు" అన్నాడు. పదిహేనేళ్ల కిందటి ఎస్ఆర్ నగర్ రూము మళ్లీ వినిపించింది.

పోయిన దసరాకి అమ్మా నాన్నా హైదరాబాద్ వచ్చారు. నాన్న ఏజెన్సీ పని మానేసి చాలా కాలమైంది, ఆ జాబితా ఫైలు మాత్రం నా దగ్గర మూడు చోట్ల ఉంది. సాయంత్రం అమ్మ నా టేబుల్ దగ్గరికొచ్చి, రెండు పెద్ద మానిటర్లు చూసి, "ఇందులో బాతు ఉందా?" అంది. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫ్రోజెన్ బబుల్ అని ఒక్క కమాండు కొట్టాను. పది సెకన్లు. పిలవకపోయినా తోడికోడళ్లు, చెల్లెళ్లు అందరూ వాళ్లంతట వాళ్లే వచ్చి కూర్చున్నారు. అదే బాతు, అదే ఏడుపు, ఇంత పెద్ద తెర మీద మరీ కొట్టొచ్చినట్టు.

నాన్న కూడా కుర్చీ లాక్కున్నారు. ఇద్దరాట తెరిచాను. అమ్మ కళ్లజోడు సర్దుకుని, యారో కీల మీద వేళ్లు పెట్టుకుని, నా వైపు తిరిగింది.

"ఆ గుర్తులున్న బుడగలే పెట్టరా. లేకపోతే ఓడిపోయాక రంగులు కనపడలేదంటారు."